మోర్పెత్ చేరని అడ్మిరల్

ఆదివారం, న్యూకాసిల్

టైన్ నది ఒడ్డు నుంచి కెథీడ్రల్ వైపు ఎక్కే పాత వీధి పేరు సైడ్. ఏటవాలుగా, కాస్త వంకర తిరిగి పైకి పోతుంది. మీద రైలు వంతెన, అటూ ఇటూ తినే చోట్లు. ఆ మలుపులో మిల్‌బర్న్ హౌస్ అనే పెద్ద ఆఫీసు భవనం ఉంది. దాని ఒక ద్వారం మీద నావికా దుస్తుల్లో ఒక మనిషి అర్ధ విగ్రహం. 1748 సెప్టెంబరు 26న కత్‌బర్ట్ కాలింగ్‌వుడ్ పుట్టిన ఇల్లు ఇక్కడే ఉండేది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆ స్థలంలో ఈ భవనం లేచింది.

1805లో ఫ్రాన్స్, స్పెయిన్ ఓడల మీద బ్రిటన్ గెలిచిన ట్రఫాల్గర్ యుద్ధమంటే అందరికీ బ్రిటిష్ అడ్మిరల్ నెల్సన్ గుర్తొస్తాడు. ఆ రోజు నెల్సన్ కన్నా ముందే శత్రువరసలోకి చొరబడినవాడు, ఆయన చనిపోయాక మొత్తం నౌకాదళాన్ని చేతిలోకి తీసుకున్నవాడు కాలింగ్‌వుడ్. విశాఖలో ఓడల మధ్య పెరిగినవాణ్ని కాబట్టి ఈ పేరు నాకు చిన్నప్పుడే తెలుసు. మా నాన్న సరుకు ఓడల మీద పనిచేసేవాడు. ఆయన ఉత్తరాలు మూడేసి, నాలుగేసి కలిసి ఒకేసారి వచ్చేవి. అందుకేనేమో, కాలింగ్‌వుడ్ యుద్ధాల కన్నా ఆయన ఇంటికి రాసిన ఉత్తరాలే నన్ను ఎక్కువ పట్టుకున్నాయి. అక్క కూతురు న్యూకాసిల్‌లో చదువుకుంటోంది. ఈసారి ఆమె దగ్గరికి వచ్చినప్పుడు ఆయన ఊళ్లన్నీ చూసి తీరాలనుకున్నాను.

కాలింగ్‌వుడ్ తండ్రి వ్యాపారి. వ్యాపారం దెబ్బతిని అప్పుల పాలయ్యాడు. కుర్రవాణ్ని కొన్నాళ్లు ఇక్కడి గ్రామర్ స్కూల్లో చదివించారు. తర్వాత ఇంగ్లండ్ లార్డ్ చాన్సలర్ అయిన జాన్ స్కాట్ కూడా ఆ బడిలోనే చదివాడు. పన్నెండేళ్లకే, 1761లో, కత్‌బర్ట్‌ని ఓడెక్కించారు. ‘షానన్’ అనే ఆ ఓడకు బంధువు బ్రెత్‌వెయిట్ కెప్టెన్. ఆ రోజుల్లో పద్ధతే అది. పరీక్షలూ ప్రవేశాలూ ఏమీ లేవు. తెలిసిన కెప్టెన్ ఉంటే పిల్లవాణ్ని ఆయన వెంట పంపేవారు, పని ఓడ మీదే నేర్చుకునేవాడు. ఇల్లు గుర్తొచ్చి ఓ మూల కూర్చుని ఏడుస్తున్న ఈ పిల్లవాణ్ని ఓడలోని ఫస్ట్ లెఫ్టినెంట్ దగ్గరికి తీసి ఓదార్చాడట. దానికి బదులుగా కుర్రవాడు ఆయన్ను తన పెట్టె దగ్గరికి తీసుకెళ్లి, ఇంటి నుంచి తెచ్చుకున్న ఎండుద్రాక్షల కేకులో పెద్ద ముక్క పెట్టాడట. 

ఆరేళ్లు సముద్రం మీద గడిపాక లెఫ్టినెంట్ పరీక్షకు వెళ్లవచ్చు. అందులో నెగ్గినా పదవి ఖాయం కాదు. పైనున్నవాళ్ల అండ లేనివాళ్లు ఎదురుచూస్తూ ఉండాల్సిందే. కాలింగ్‌వుడ్ ఓడెక్కిన నాటి నుంచి పద్నాలుగేళ్లు ఎదురుచూశాడు. 1775 జూన్ 17న అమెరికాలో బాస్టన్ దగ్గర బంకర్ హిల్ యుద్ధం జరిగింది. సైన్యానికి కావలసినవి పడవల్లో చేరవేస్తూ నావికుల దండుతో ఒడ్డుకు దిగాడు. ఆ రోజే లెఫ్టినెంట్ అయ్యాడు. అప్పటికి ఇరవయ్యారేళ్లు.

పైకెక్కితే సెయింట్ నికొలస్ కెథీడ్రల్. ఆయన కాలంలో ఇది ఊరి పెద్ద చర్చి మాత్రమే, 1882లో కెథీడ్రల్ అయింది. ఆయన నామకరణం, పెళ్లి రెండూ ఇక్కడే. లోపల పాలరాతి స్మారకం ఉంది. పక్కనే ఆయన పేరుతో కాలింగ్‌వుడ్ స్ట్రీట్. ఆదివారం రాత్రి కుర్రకారుతో నిండి ఉంది. “మామయ్యా, రెండేళ్ల నుంచీ ఈ వీధిలో తిరుగుతున్నాను, ఆ పేరు ఎవరిదో ఇవాళే తెలిసింది” అంది మేనకోడలు.

సోమవారం, మోర్పెత్

న్యూకాసిల్ నుంచి ఉత్తరంగా రైల్లో కాసేపట్లో మోర్పెత్. వాన్స్‌బెక్ నది మెలికలో ఇమిడిన చిన్న ఊరు. బజారులో పాత రాతి గడియార స్తంభం. దాని దగ్గర నుంచి ఓల్డ్‌గేట్ వీధిలోకి నడిస్తే కాలింగ్‌వుడ్ హౌస్ వస్తుంది. ఇటుక గోడలు, తెల్ల చట్రాల కిటికీలు, వెనక నది దాకా పోయే తోట. అడ్మిరల్ ఇల్లంటే ఇంకా పెద్దది ఊహించుకుంటాం. ఇది ఓ మోస్తరు వకీలు కట్టుకునేపాటి ఇల్లు. మళ్లీ ఎప్పుడు సుఖపడతానా అని ఆలోచిస్తే మనసు మోర్పెత్‌కే పోతుందని ఆయన రాసిన మాట గోడ మీది ఫలకంలో ఉంది.

1791 జూన్ 16న న్యూకాసిల్ పెద్దమనిషి జాన్ ఇరాస్మస్ బ్లాకెట్ కూతురు సారాను ఆయన పెళ్లి చేసుకున్నాడు. అప్పటికి ఆయనకు నలభై రెండేళ్లు. మరుసటి ఏడు పెద్దమ్మాయి సారా, ఆపై ఏడు చిన్నమ్మాయి మేరీ పేషెన్స్. 1793లో ఫ్రాన్స్‌తో యుద్ధం మొదలైంది, ఆయన ఓడెక్కాడు. 1802లో కొద్దికాలం శాంతి కుదిరితే ఇల్లు చేరాడు. 1803లో మళ్లీ యుద్ధం. ఆ ఏడు ఈ గుమ్మం దాటి వెళ్లినవాడు ఇక తిరిగి రాలేదు.

ఇంట్లో ఉన్న ఆ కొద్ది నెలల్లో ఆయన లోకం తోట. ఒకసారి మరో అడ్మిరల్ చూడటానికి వచ్చి, తోటంతా వెతికినా కనబడక, చివరికి ఓ లోతైన కందకం అడుగున తోటమాలి స్కాట్‌తో కలిసి మట్టి తవ్వుతుండగా కనిపెట్టాడట. నడకకు పోతే జేబు నిండా ఓక్ కాయలు వేసుకుని, ఖాళీ నేల కనబడినచోటల్లా వాటిని గుచ్చిపోయేవాడు. యుద్ధనౌకంటే అప్పుడు ఓక్ కొయ్యే. ఒక్క పెద్ద ఓడకు వేల చెట్లు కావాలి, ఓడకు పనికొచ్చేంత చెట్టు ఎదగడానికి వందేళ్లు కావాలి. ఈ దేశానికి రేపు కొయ్య దొరక్కపోతే ఎలా అన్నది ఆయనకు నిజమైన బెంగ. నది ఒడ్డు బాటలో మేం నడిచినప్పుడు ఓక్ కాయలు రాలే కాలం. కాళ్ల కింద నలిగి చప్పుడు చేస్తున్నాయి.

పెళ్లిరోజున, 1806 జూన్ 16న, స్పెయిన్‌లోని కాడిజ్ రేవు ఎదుట కాపలా కాస్తున్న ‘ఓషన్’ ఓడ నుంచి ఆయన భార్యకు రాసిన ఉత్తరం ఒకటుంది. నేను నాటిన చెట్లు ఎలా ఉన్నాయి? ఆ మూడు ఓక్‌ల కింద వేసవిలో కూర్చునేంత నీడ పడుతోందా? బాట పక్క పోప్లర్లు పెరుగుతున్నాయా? గట్టు గోడ నిలబడే ఉందా? ఇలా ఒకటే ప్రశ్నలు. అదే ఉత్తరంలో ఆడపిల్లలకు రేఖాగణితం నేర్పించమంటాడు. శాస్త్రాలన్నిట్లో అదే ఆనందాన్నిచ్చేదట, నిజాన్నీ నిజంలా కనబడేదాన్నీ వేరుచేయడం దానికన్నా బాగా మరేదీ నేర్పదట. ఆడపిల్లకు కుట్టుపని, పియానో వస్తే చాలనుకునే రోజుల్లో ఒక తండ్రి ఇలా రాశాడు. మా నాన్న కూడా సింగపూర్ నుంచో, రోటర్‌డామ్ నుంచో మా చెల్లెలి లెక్కల మార్కుల గురించే ముందు అడిగేవాడు. దూరంగా ఉన్న తండ్రులకు పిల్లల చదువే చేతికందే విషయం కాబోలు.

ఈ ఇంటివాళ్లు ఆయన్ను కలవడానికి పడ్డ పాట్లు కూడా చెప్పాలి. 1801 చలికాలంలో సారా పెద్దమ్మాయిని వెంటబెట్టుకుని, గుర్రపు బండ్ల మీద, మోర్పెత్ నుంచి నాలుగు వందల మైళ్లకు పైబడి ప్లిమత్ దాకా ప్రయాణం చేసింది. వాళ్లు చేరేనాటికి, సిద్ధంగా ఉన్న ఓడలతో వెంటనే బయలుదేరమని ఆయనకు ఆజ్ఞ వచ్చేసింది. ఓ కోర్టు మార్షల్ విచారణ సాగి సాగి సాయంత్రమైంది. ఎనిమిదింటి దాకా చూద్దామని నెల్సన్‌తో భోజనానికి కూర్చున్నాడు. తింటుండగానే భార్యాబిడ్డలు వచ్చారన్న కబురు. సత్రానికి పరుగెత్తాడు. ఆ సాయంత్రం తనకు కలిగిన ఆనందం కన్నా ఎక్కువ మనిషికి సాధ్యం కాదని రాశాడు. తెల్లవారుతూనే విడిపోయారు, ఆయన సముద్రం మీదికి వెళ్లిపోయాడు.

ఆ ఒక్క రాత్రి కోసం మంచుదారుల్లో అంత దూరం వచ్చిన సారా గురించి చరిత్ర రాసినవాళ్లు రెండు వాక్యాలతో సరిపెట్టారు. ఇల్లు నడిపి, పిల్లల్ని పెంచి, తోట గోడ కూలకుండా చూసినది ఆమె. కాలింగ్‌వుడ్ కొలువు లెక్కలో ఆమె ఏళ్లు కూడా చేరాలి.

మంగళవారం, టైన్‌మత్

న్యూకాసిల్ నుంచి మెట్రో రైలు నేరుగా సముద్రానికి తీసుకొస్తుంది. టైన్‌మత్‌లో దిగి, శిథిలమైన మఠం పక్క నుంచి దక్షిణంగా నడిస్తే, నది సముద్రంలో కలిసే మొగ ఎదుట గడ్డి దిబ్బ మీద కాలింగ్‌వుడ్ నిలబడి ఉంటాడు. విగ్రహం 23 అడుగులు. చెక్కినది ఈ ప్రాంతపు శిల్పి జాన్ గ్రాహమ్ లఫ్. ఎత్తైన పీఠం జాన్ డాబ్సన్ రూపకల్పన, ఆయన కూడా న్యూకాసిల్ వాస్తుశిల్పే. 1845లో నిలబెట్టారు. కొన్నేళ్లకు మెట్ల పక్కన నాలుగు ఫిరంగులు అమర్చారు. అవి ‘రాయల్ సావరిన్’ ఓడవి, ట్రఫాల్గర్‌లో పేలినవి.

గాలి దులిపేస్తోంది. ఫిరంగి మీద చెయ్యి వేస్తే చల్లటి ఇనుము, ఉప్పు పొర. 1805 అక్టోబరు 21 మధ్యాహ్నం ఇవి కాలిపోయేంత వేడెక్కి ఉంటాయి.

ఆ ఉదయం కాలింగ్‌వుడ్ తీరిగ్గా గడ్డం గీసుకున్నాడు. లెఫ్టినెంట్ క్లావెల్‌ని చూసి, ఆ బూట్లు తీసేసి నాలాగా పట్టు మేజోళ్లు తొడుక్కో, కాలికి దెబ్బ తగిలితే డాక్టరుకు పని తేలికవుతుందన్నాడు. ఎదుట ఫ్రాన్స్, స్పెయిన్ కలిసి 33 పెద్ద ఓడలు. ఇటు 27. మామూలుగా రెండు పక్షాలూ బారులు తీరి సమాంతరంగా నడుస్తూ కాల్చుకునేవి. నెల్సన్ పథకం వేరు. రెండు వరసలుగా వెళ్లి శత్రువు బారును అడ్డంగా చీల్చాలి. ఒక వరసకు తను, రెండో వరసకు కాలింగ్‌వుడ్.

ఇందులో ప్రమాదం ఎక్కడంటే, అడ్డంగా పోయేటప్పుడు ముందున్న ఓడ మీద శత్రువుల పక్క ఫిరంగులన్నీ పేలుతుంటాయి, ఇది తిరిగి కాల్చలేదు. గాలి మందంగా ఉంది. ‘రాయల్ సావరిన్’ అడుగుకు కొత్తగా రాగిరేకులు తొడిగారు, అందుచేత నీళ్లలో తేలిగ్గా సాగి తన వరసలోని మిగతా ఓడల్ని వెనక విడిచి ముందుకు పోయింది. చూడండి, కాలింగ్‌వుడ్ తన ఓడను యుద్ధంలోకి ఎలా నడిపిస్తున్నాడో అని నెల్సన్ మెచ్చుకున్నాడు. అదే క్షణాన ఇటు కాలింగ్‌వుడ్, ఇక్కడ ఉండటానికి నెల్సన్ ఏం ఇవ్వడానికైనా సిద్ధపడేవాడన్నాడు. స్పెయిన్ వాళ్ల 112 ఫిరంగుల ‘శాంతా ఆనా’ వెనక భాగంలోకి మొదటి దెబ్బ పడింది. తోటి ఓడలు అందుకునేదాకా పావుగంటకు పైగా ఒంటరి పోరాటం. కాలికి చెక్క పేడు గుచ్చుకుని రక్తం కారుతున్నా డెక్ మీద యాపిల్ తింటూ అటూ ఇటూ నడిచాడని అక్కడున్నవాళ్లు చెప్పారు.

ఆ నిబ్బరం ఎక్కడిదన్న ప్రశ్నకు జవాబు యుద్ధానికి ముందు నెలల్లో ఉంది. అంతకు ముందటి ఓడ ‘డ్రెడ్‌నాట్’లో ఉండగా ఆయన గంటల తరబడి ఫిరంగుల సాధన చేయించాడు. మూడున్నర నిమిషాల్లో ఓడ పక్క ఫిరంగులన్నిటినీ మూడుసార్లు పేల్చగలిగేంతగా నావికుల్ని తీర్చిదిద్దాడు. కొరడా దెబ్బలే శిక్షణ అనుకునే నౌకాదళంలో ఆయన ఏటికేడూ కొరడాను తగ్గించుకుంటూ వచ్చాడు. తప్పుచేసినవాడికి రమ్ములో నీళ్లు ఎక్కువ పోయడం, అదనపు పని అప్పగించడం ఆయన శిక్షలు. పేరు తెలియకపోతే ‘నావికుడా’ అని పిలవండి, అమర్యాదగా కేకేయకండి అని ఆఫీసర్లకు చెప్పేవాడు. మెత్తనివాడేమీ కాదు. 1797లో ఓడల్లో తిరుగుబాట్లు చెలరేగినప్పుడు, మాట విననివాళ్లను కాలింగ్‌వుడ్ దగ్గరికి పంపండి, దారికి తెస్తాడనేవాడు అడ్మిరల్ జర్విస్.

సాయంత్రం నాలుగున్నరకు నెల్సన్ చనిపోయాడు. ‘రాయల్ సావరిన్’ తెరచాప కొయ్యలు కూలిపోతే కాలింగ్‌వుడ్ ‘యూరియాలస్’లోకి మారి అధికారం తీసుకున్నాడు. చీకటి పడింది, తుపాను కమ్ముకుంది. లంగరు వేయమని నెల్సన్ చివరగా చెప్పాడు. కాలింగ్‌వుడ్ వెంటనే వేయించలేదు. దీని మీద ఈనాటికీ వాదనలున్నాయి. పట్టుకున్న ఓడల్లో నాలుగే మిగిలాయి, తక్కినవి మునిగాయి, తగలబడ్డాయి, తిరిగి చేజారాయి. నాకు తోచింది చెబుతాను. సగం ఓడలకు కొయ్యల్లేవు, చాలావాటికి లంగరు వేయడానికి తాళ్లూ లేవు, పక్కనే రాళ్ల తీరం. ఆ వారం రోజుల గాలిలో బ్రిటిష్ ఓడ ఒక్కటీ పోకుండా కాపాడటం యుద్ధం గెలవడం కన్నా తక్కువ పనేమీ కాదు.

విజయం వార్తా, మరణ వార్తా కలిపి ఆయన రాసిన నివేదికను ‘పికిల్’ అనే చిన్న ఓడ మోసుకెళ్లింది. లండన్‌కి నవంబరు 6 తెల్లవారుజామున చేరింది. ఆయనకు బారన్ అనే ప్రభు బిరుదు ఇచ్చారు, ఏడాదికి 2,000 పౌండ్ల పింఛను ఇచ్చారు. బిరుదు తాలూకు రుసుములకే బ్యాంకులో డబ్బంతా అయిపోయిందని భార్యకు రాశాడు. తన కుక్క బౌన్స్ గురించి కూడా రాశాడు. యజమాని ప్రభువయ్యాక అది మామూలువాళ్ల కుక్కలతో ఆడటం మానేసిందట.

బుధవారం, హెత్‌పూల్

బారన్ బిరుదులో ఉన్న ఊరి పేరు హెత్‌పూల్. చెవియట్ కొండల్లో, స్కాట్లండ్ సరిహద్దు దగ్గర, నాలుగిళ్ల పల్లె. బస్సు లేదు. మేనకోడలి స్నేహితురాలు కారులో తీసుకొచ్చింది. కాలేజ్ వ్యాలీలోకి కార్లను పరిమితంగానే పంపుతారు కాబట్టి పల్లె దగ్గరే ఆగి నడవాలి. వాగు చప్పుడు, గొర్రెలు, గోధుమరంగు తిరిగిన బ్రాకెన్ అనే ఫెర్న్ ఆకులు.

కొండవాలున చిన్న ఓక్‌ల గుంపు ఉంది. కాలింగ్‌వుడ్ ఓక్‌లంటారు. 1815లో సారా నాటించింది, అప్పటికి భర్త పోయి ఐదేళ్లు. నేల పలచన, గాలి ఎక్కువ. రెండు వందల ఏళ్లు దాటినా చెట్లు పొట్టిగా, మెలితిరిగి ఉన్నాయి. ఓడకు పనికొచ్చే దూలం వీటిలో ఒక్కటీ లేదు. అయినా నాటిన మనిషి మీద నాకు గౌరవం పెరిగింది. భర్త బెంగను తన బెంగ చేసుకుని ఆమె ఈ కొండ దాకా వచ్చింది.

వాన మొదలైంది. వూలర్‌లో టీ తాగి తిరిగొచ్చేశాం.

గురువారం, హార్టిల్‌పూల్

ఇది కాలింగ్‌వుడ్ కథలోని ఊరు కాదు. కానీ ఆయన ఓక్ కాయల కథకు జవాబు ఇక్కడ నీళ్ల మీద తేలుతోంది. ‘ట్రింకోమలీ’ అనే యుద్ధనౌక. కట్టింది బొంబాయిలో, పారసీ వాడియా కుటుంబం చేతుల మీదుగా, మలబారు టేకుతో. 1817 అక్టోబరు 12న నీళ్లలోకి దించారు. బ్రిటన్ యుద్ధనౌకల్లో ఇంకా తేలుతున్నవాటిలో ఇదే అన్నిటికన్నా పాతది. ఓక్ కరువైతే ఏం చేయాలన్న ప్రశ్నకు నౌకాదళం వెతుక్కున్న దారి మన అడవులు, మన వడ్రంగుల పనితనం. టేకు ఓక్ కన్నా నీళ్లను, పురుగును బాగా తట్టుకుంటుంది. దానిలోని నూనె ఇనుప మేకుల్ని తుప్పు పట్టనివ్వదు, ఓక్‌లోని ఆమ్లం మేకుల్ని తినేస్తుంది.

కింది అంతస్తులో నడుం వంచి నడుస్తూ దూలాల మీద చెయ్యి రాశాను. గోదావరి మొగలో కోరింగ, తాళ్లరేవుల దగ్గరా తెరచాప ఓడలు కట్టిన చేతులున్నాయి. వాటిలో ఒక్కటైనా ఇలా మిగిలి ఉంటే!

ఇంకోటి కూడా గుర్తొచ్చింది. 1804 సెప్టెంబరు 15న ఫ్రెంచి అడ్మిరల్ లినోయ్ పెద్ద ఓడ ‘మరెంగో’తో, ఫ్రిగేట్లనే రెండు చిన్న యుద్ధనౌకలతో విశాఖ రేవు మీదికి వచ్చాడు. 50 ఫిరంగుల బ్రిటిష్ యుద్ధనౌక ‘సెంచూరియన్’ ఒక్కటే ఎదురు నిలిచి దెబ్బలు తిని నిలబడింది. మా ఊరి డాల్ఫిన్ నోస్ ముందు ఆ ఫిరంగులు మోగిన రోజుల్లో కాలింగ్‌వుడ్ ఫ్రాన్స్‌లోని బ్రెస్ట్ రేవు బయట కాపలా కాస్తున్నాడు. యుద్ధం ఒక్కటే. ఏ రాజ్యం సముద్రం మీద గెలిస్తే మన ఒడ్డు వాళ్లదయ్యేది. ఈ మనిషిని ప్రేమిస్తూనే ఆ సంగతి మరచిపోలేను. వెస్టిండీస్‌లో ‘మీడియేటర్’ కెప్టెన్‌గా ఆయన కాపాడిన చక్కెర వ్యాపారం బానిసల చెమట మీద నడిచిందన్నదీ అంతే నిజం.

శుక్రవారం, గ్రీనిచ్

పొద్దున్నే లండన్ రైలు, మధ్యాహ్నానికి గ్రీనిచ్. నేషనల్ మారిటైమ్ మ్యూజియంలో తూటా రంధ్రం ఉన్న నెల్సన్ కోటు ముందు జనం గుమిగూడి ఉన్నారు. నాకు కావలసింది ఆ ఇద్దరి స్నేహం. వెస్టిండీస్‌లో ఉండగా వాళ్లు ఒకరి బొమ్మ ఒకరు గీసుకున్నారు. జ్వరంతో జుట్టు రాలిపోయి పసుపుపచ్చ విగ్గు పెట్టుకున్న నెల్సన్ బొమ్మ కాలింగ్‌వుడ్ గీసింది.

నెల్సన్ ఆయన కన్నా పదేళ్లు చిన్న. అయినా పదవిలో ముందు. ‘లోవెస్టాఫ్’, ‘బ్యాడ్జర్’, ‘హించిన్‌బ్రూక్’ ఓడలు మూడింటిలోనూ నెల్సన్ ఖాళీ చేసిన చోటుకు కాలింగ్‌వుడ్ వచ్చాడు. నౌకాదళంలో పోస్ట్ కెప్టెన్ జాబితా అని ఉండేది. అందులో పేరెక్కాక అడ్మిరల్ అవడం వరస ప్రకారమే, ఎవరూ ఎవర్నీ దాటలేరు. నెల్సన్ 1779లో ఎక్కాడు, కాలింగ్‌వుడ్ 1780లో. ఆ కొద్ది నెలల తేడాతో జీవితాంతం ఆయన నెల్సన్ వెనకే. దీనికి ఎన్నడూ కుళ్లుకోలేదు.

కానీ ఆ 1780 పదోన్నతికి పడిన వెల వేరే. నికరాగువాలో సాన్ హువాన్ నది మీది దండయాత్ర అది. నెల్సన్ జబ్బుపడి వెళ్లిపోతే కాలింగ్‌వుడ్ ‘హించిన్‌బ్రూక్’ తీసుకున్నాడు. నాలుగు నెలల్లో 200 మంది సిబ్బందిలో 180 మందిని పూడ్చిపెట్టానని తర్వాత రాశాడు. జ్వరాలే కారణం. అటుపైన నావికుల ఆరోగ్యం మీద, ఓడ లోపల గాలీ పొడీ ఉండటం మీద ఆయన పెట్టిన శ్రద్ధకు మూలం ఆ నాలుగు నెలలే అని నా నమ్మకం.

పౌరుషం కూడా ఉన్నవాడే. 1794 జూన్ 1 యుద్ధంలో ‘బార్‌ఫ్లూర్’ నడిపించినా నివేదికలో పేరు రాలేదు, పతకం దక్కలేదు. 1797లో సెయింట్ విన్సెంట్ యుద్ధంలో ‘ఎక్సలెంట్’తో నెల్సన్‌ను ఆదుకున్నందుకు పతకం ఇవ్వబోతే, మొదటిది ఇవ్వనంతవరకు ఇది తీసుకోనన్నాడు. రెండూ పంపించారు.

శనివారం, సెయింట్ పాల్స్

సెయింట్ పాల్స్ కెథీడ్రల్ నేలమాళిగలో, గుమ్మటానికి సరిగ్గా కింద, నెల్సన్ నల్లరాతి సమాధి. పక్కనే కాలింగ్‌వుడ్‌ది, సాదా రాతిది. ట్రఫాల్గర్‌లో మూడో స్థానంలో ఉన్న నార్తెస్క్ కూడా ఇక్కడే ఉన్నాడు. పై అంతస్తులో వెస్ట్‌మకాట్ చెక్కిన కాలింగ్‌వుడ్ స్మారకం వేరే ఉంది. గైడ్ల బృందాలు నెల్సన్ దగ్గర ఆగి, ఇటు ఒక్క చూపు చూసి కదిలిపోతున్నాయి.

ట్రఫాల్గర్ తర్వాతి నాలుగున్నరేళ్ల గురించి ఇక్కడ ఎవరూ చెప్పరు. నా దృష్టిలో ఆయన అసలైన కొలువు అదే. మధ్యధరా సముద్రం మొత్తం ఆయన చేతిలో పెట్టారు. కాడిజ్ నుంచి టర్కీ దాకా కాపలా, సిసిలీ రాజుతో, సుల్తానుతో, ఆఫ్రికా తీరపు పాలకులతో ఉత్తర ప్రత్యుత్తరాలు. లండన్‌కి రాసి జవాబు తెప్పించుకోవాలంటే వారాలు పడుతుంది, నిర్ణయాలు తనే తీసుకోవాలి. 1808లో స్పెయిన్ ప్రజలు నెపోలియన్ మీద తిరగబడ్డారు. నిన్నటిదాకా ఆ రేవును దిగ్బంధించిన మనిషే కాడిజ్‌లో దిగితే జనం జేజేలు కొట్టారు. ఒకసారి ఏకంగా ఇరవై రెండు నెలలు లంగరు వేయకుండా సముద్రం మీదే ఉన్నాడు. రాత్రుళ్లు డెక్ మీదే కునుకు, పగలంతా రాత బల్ల. ఒళ్లు పాడైంది. వేరేవాళ్లను పంపి నన్ను విడిపించండని 1808లో రాశాడు. మీకు బదులు దొరకడం కష్టం అన్నాడు నౌకాశాఖ పెద్ద లార్డ్ ముల్‌గ్రేవ్. ఇంత బాగా పనిచేయడమే ఆయనకు సంకెల అయింది. 1809లో బౌన్స్ కూడా సముద్రంలో పడి పోయింది.

1810 మార్చిలో కడుపు జబ్బు ముదిరి, నిలబడలేని స్థితిలో, అధికారం అప్పగించాడు. 6న ‘వీల్ ద పారీ’ ఓడ మినోర్కాలోని మాహోన్ రేవు నుంచి ఇంటిదారి పట్టింది. 7న సముద్రం మీదే కన్నుమూశాడు. 61 ఏళ్లు. నౌకాదళంలో దాదాపు యాభై ఏళ్లు, అందులో నలభై నాలుగు నీళ్ల మీద.

బారన్ బిరుదు కొడుకులకే పోతుంది. నాకు ఉన్నది కూతుళ్లు, వాళ్లకు వచ్చేలా చేయండని ఆయన అడిగాడు. ఒప్పుకోలేదు. బిరుదు ఆయనతోనే అంతరించింది. పెద్దమ్మాయి సారాను పెళ్లాడిన జార్జ్ న్యూన్‌హమ్ మామగారి ఇంటిపేరు పెట్టుకుని, ఆయన ఉత్తరాలన్నీ పోగుచేసి 1828లో అచ్చు వేయించాడు. మోర్పెత్ ఓక్‌ల నీడ గురించిన ప్రశ్నలు, ప్లిమత్ సత్రంలోని సాయంత్రం, రేఖాగణితం నేర్పించమన్న మాట, ఆ కుక్క గొప్పలు, ఇవన్నీ మనదాకా వచ్చింది మామగారిని ఎన్నడూ చూడని ఆ అల్లుడి వల్లే.